పన్నెండు వందల వాట్లు... బక్కెట్టు నీళ్లు!

పోయిన ఎండాకాలం ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. కారుకంటే ముందు దాని డిక్కీలో పెట్టే యాంప్లిఫయర్ మీద మనసుపడ్డానంటే నవ్వుతారేమో! అట్టపెట్టె మీద ఎర్రటి అక్షరాలతో '1200 వాట్స్' అని ఉంది. రెండు ఛానళ్లు, ఒక్కోదానికీ 600. కంపెనీ పేరెందుకులెండి. జీతంలో మూడోవంతు పోయింది. ఇంట్లో మాత్రం సగం ధరే చెప్పాను.

బిగించిన వారానికే మా ఊరు బనగానపల్లె వెళ్లి, చిన్నాయన్ని ఎక్కించుకుని యాగంటి బయల్దేరాను. ఆయన ముప్పయ్యేళ్లు మైకుసెట్టు నడిపిన మనిషి. ఆయనకు నా 1200 వాట్లు వినిపించాలని ఎంత ఉబలాటమో! తిరిగొచ్చేటప్పుడు చీకటిపడింది. వాల్యూమ్ పెంచాను. డ్రమ్ము మోగిన ప్రతిసారీ హెడ్‌లైట్లు కునికిపాట్లు పడుతున్నాయి.

చిన్నాయన పాట సంగతే ఎత్తలేదు. "దానికి ఫ్యూజు ఎంత ఏసినారు నాయనా?" అన్నాడు.

కారాపి డిక్కీ తెరిచి చూశాం. 25 ఆంపియర్లు.

"ఇంజను తిరుగుతాంటే బ్యాటరీ కాడ పద్నాలుగు వోల్టులు. పద్నాలుగు ఇరవై ఐదులు మూడువందల యాభై. లోపలికి పొయ్యేదే అంత అయితే బయటికి పన్నెండు వందలు యాడినుంచి వస్తాయప్పా? కుంచెడు జొన్నలు ఇసిరితే పుట్టెడు పిండి వస్తాదా?"

నాకు రోషం వచ్చింది. అయితే కొలుద్దాం అన్నాను. ఆయనకూ కావలసింది అదే!

మర్నాడు పొద్దున్నే ఇంటిముందు సరంజామా సిద్ధమైంది. పాత టీవీ మెకానిక్ దగ్గర్నుంచి తెచ్చిన ఆసిలోస్కోపు, ఒక మల్టీమీటరు, కరెంటు పొయ్యిలో వేసే కాయిలు తీగ, ఒక బక్కెట్టు నీళ్లు. చిన్నాయన తీగను రెండు ముక్కలు కత్తిరించి, ఒక్కోటీ సరిగ్గా 4 ఓమ్‌లు వచ్చేదాకా సరిచేశాడు. మీటరు వైర్లకే కాస్త నిరోధం ఉంటుందట, దాన్నీ తీసేశాడు. స్పీకర్లు ఊడదీసి వాటి స్థానంలో ఈ ముక్కలు కలిపి నీళ్లలో ముంచాడు. తీగ వేడెక్కితే లెక్క తప్పుతుందని ఆ నీళ్లు. పాటకు బదులు 60 హెర్ట్జ్‌ల ఒకే స్వరం పెట్టమన్నాడు. మామూలు మల్టీమీటర్లు ఇంటి కరెంటును కొలవడానికి చేసినవి. ఆ కరెంటు 50 హెర్ట్జ్‌లు. దానికి దగ్గర్లో ఉంటేనే మీటరు నిజం చెబుతుందట.

ఇంజను స్టార్ట్ చేసి వాల్యూమ్ పెంచుతూ పోయాను. విచిత్రం... శబ్దమే లేదు! నా పన్నెండు వందల వాట్లూ చప్పుడు చేయకుండా బక్కెట్లోకి పోతున్నాయి. పక్కింటి పెద్దమ్మ తొంగిచూసి "ఏంది, నీళ్లు కాంచుకుంటాండారా?" అంది.

ఆసిలోస్కోపులో అల గుండ్రంగా లేచి దిగుతోంది. ఇంకొంచెం పెంచేసరికి దాని నెత్తి నాపరాయిలా చదునైపోయింది. "అదీ, కోసుకపోయింది. ఇట్లా తల తెగిన పాటే స్పీకర్ల కాయిళ్లు కాల్చేది" అంటూ వాల్యూమ్ తగ్గించమన్నాడు. అల మళ్లీ గుండ్రంగా వచ్చిన చోట రెండు ఛానళ్లలోనూ మీటరు చూపించింది 16 వోల్టులు.

పదహారు పదహార్లు 256. నాలుగుతో భాగిస్తే 64. రెండు ఛానళ్లూ కలిపినా 128 వాట్లే! నిజంగా 1200 వచ్చుంటే అది నీళ్లు కాచుకునే హీటరు కడ్డీతో సమానం. మా బక్కెట్టు గోరువెచ్చన కూడా కాలేదు.

కార్ల యాంప్లిఫయర్లను ఎలా కొలవాలో అమెరికాలో 2003లోనే 'సీఈఏ-2006' పేరుతో ఒక ప్రమాణం వచ్చింది. 14.4 వోల్టుల సరఫరా, 4 ఓమ్‌ల లోడు, వక్రీకరణ ఒక్క శాతం దాటకూడదు. ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల మీదైతే 1974లోనే అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. కార్లవాళ్లది మాత్రం ఇష్టమైతే పాటించే వ్యవహారం. 'పీఎంపీవో' అని వేలకువేలు రాసుకునే లెక్కకు అలాంటి కొలతే లేదు. ఎక్కడెక్కడి కాయలకో మా ఊరి పేరు పెట్టి అమ్మేస్తుంటే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. వాట్లకు ఆపాటి దిక్కూ లేదు.

ఇంకో చిత్రం చెప్పనా? 64కు బదులు నిజంగానే 600 వచ్చినా చెవికి పదింతలు వినిపించదు. శక్తిని పదింతలు చేస్తే శబ్దం దాదాపు రెండింతలైనట్టు తోస్తుందంతే. ఈ ముక్క చెప్పి చిన్నాయన తీగముక్కలు తుడిచి సంచిలో వేసుకున్నాడు.

ఆ సంచి చూడగానే 2009లో జరిగిన మా అక్క పెళ్లి గుర్తొచ్చింది. చిన్నాయన తన సెట్టు పెడతానన్నాడు, డబ్బులొద్దన్నాడు. ఆయనది 50 వాట్ల యాంప్లిఫయర్. పక్క టౌను నుంచి వచ్చేదాని మీద 5000 అని రాసుంది. ఇంటర్ కుర్రాణ్ని, నేనే పట్టుబట్టి దాన్ని పిలిపించాను. పెళ్లిపందిట్లో ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుని విన్నాడు. తర్వాత రెండేళ్లకే సెట్టు అమ్మేశాడు. బేరాలు తగ్గాయని చెప్పాడు. నేను అడగలేదు.

"నీ సెట్టు ఎన్నాళ్లైనా 50 వాట్లేనా చిన్నాయనా?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"కొన్నప్పుడు ఇట్లనే కొలిచినాం. 52 వచ్చింది" అన్నాడు. "50 అని రాపిచ్చినా."

బక్కెట్లో నీళ్లు వేపచెట్టు మొదట్లో పోసి లోపలికి పోయాడు.