జాబితాలో లేనివాళ్ళు

సహాయకార్యక్రమాల గూర్చి వ్రాసేవాళ్ళు సాధారణంగా రెండు ధోరణుల్లో వ్రాస్తూ వుంటారు. దాతల వుదారత్వాన్ని కీర్తించడం ఒక ధోరణి. భూతదయ యావత్తూ పెట్టుబడిదారీ వ్యవస్థ తన చిరుగులకు వేసుకొనే అతుకేనని కొట్టిపారవేయడం రెండవది. నేను చాలాకాలం రెండవ ధోరణికి చెందినవాడిని. తరగతిగదిలో విద్యార్థులకు అదే బోధించాను. 2020 ఏప్రిల్ నెలలో నా చేతికి ఒక నోటుబుక్కూ, రెండువందల బియ్యం సంచులూ వచ్చినప్పుడు ఆ సిద్ధాంతం నాకేమీ దారి చూపలేదు. అప్పుడు నేను చేసిన తప్పును ఇక్కడ వ్రాస్తున్నాను. ఆత్మవిమర్శ అనే మాటను మనం సభల్లో తరచు వాడుతాం. దాన్ని కాగితం మీద పెట్టడం మాత్రం అరుదు.

నేనుండేది సంగారెడ్డి జిల్లా పటేల్‌గూడలో. ఒకవైపు బొల్లారం కర్మాగారాలు, మరొకవైపు పటాన్‌చెరు, పాశమైలారం. నడుమ చేలు ప్లాట్లయి, ప్లాట్లు అపార్టుమెంట్లవుతున్న వూరు. ఆనాటికి అది గ్రామపంచాయతీ. పటం చూచినవాడెవడూ దీన్ని మారుమూల అనడు. అవుటర్ రింగురోడ్డు దగ్గరలోనే వుంది. కాని రేషను కార్డు తన స్వరాష్ట్రంలో వుండిపోయినవాడికి, ఇక్కడి భాష రానివాడికి, తనకు జీతమిచ్చే అసలు యజమాని ఎవరో తెలియనివాడికి ఈ వూరి చౌకధరల దుకాణం వందమైళ్ళ దూరంలో వున్నట్టే. మారుమూలతనాన్ని రోడ్డు పొడవుతో మాత్రమే కొలిస్తే పొరబడతాం.

నా ఇంటి వెనుక ఒక ముసలమ్మ వుంటుంది. వూళ్ళో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు. ఆమెది నక్కవాగు వొడ్డున వున్న ఒక గ్రామం. పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల వ్యర్థజలాలు వాగులో కలిసి, వాగు నుంచి బావుల్లోకి ఇంకిన కథ మన పాఠకుల్లో చాలామందికి తెలిసినదే. ఆ ప్రాంతంలో దశాబ్దాలపాటు వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు దానిమీద పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు ఎక్కింది. న్యాయస్థానం ఆదేశాల మీద కాలుష్యగ్రామాలకు మంచినీళ్ళు వచ్చాయి. అవ్వ కుటుంబం పొలం అమ్ముకొని ఇక్కడికి వచ్చి, ఎనిమిది రేకుల గదులు వేసి కిరాయికిచ్చింది. ఆమె ఒకనాడు నాతో అన్న మాట ఇది:

"మా బాయి ఉన్నన్నాళ్ళు నీళ్ళకోసం ఎవనికీ దండం పెట్టలే సారూ. బాయి ఖరాబైనంక ట్యాంకర్ నడిపేటోనికి గూడ దండం పెట్టిన."

సహాయాన్ని గూర్చి నేను చదివిన పుస్తకాల్లో ఇంత స్పష్టంగా చెప్పినది లేదు. అక్కర దానంతట అది పుట్టదు. దాన్ని పుట్టించినవాడు ఒకడుంటాడు. తరువాత తీర్చడానికి వచ్చినవాడికి మనం దండం పెట్టవలసి వస్తుంది. అయితే ఆ మాట విన్ననాడు దాని బరువు నాకు తెలియలేదు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. అపార్టుమెంట్ల పనులు నిలిచిపోయాయి. అవ్వ గదుల్లోనూ, ఆ చుట్టుపక్కల గదుల్లోనూ వున్న ఒడిశా, బీహారు, జార్ఖండు కూలీలకు పనిలేదు, పోవడానికి బండి లేదు. రాష్ట్రప్రభుత్వం వలసకార్మికునికి తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. అది కొందరికి అందింది, కొందరికి అందలేదు. కొంతమంది ఉపాధ్యాయులం, మా పాత విద్యార్థులు కలిసి చందాలు వేసుకొన్నాం. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం, ఒక సబ్బు — ఇదీ సంచి. పంపకం లెక్క నాకు అప్పగించారు. రూళ్ళ నోటుబుక్కు కొని గడులు గీశాను: పేరు, వయస్సు, స్వగ్రామం, ఆధార్ సంఖ్య, పనికి తెచ్చిన కాంట్రాక్టరు.

మొదటి రోజే ఒక గదివాళ్ళు రెండుసార్లు సంచి తీసుకొన్నారని ఎవరో ఫిర్యాదు చేశారు. డబ్బిచ్చిన మిత్రులకు లెక్క చెప్పాలి గదా! అందుచేత నేనొక నియమం పెట్టాను: ఆధార్ సంఖ్య వ్రాయించినవారికే సంచి. నియమం న్యాయంగానే తోచింది. మా సంఘంలో ఎవరూ కాదనలేదు.

నాలుగవ రోజున అవ్వ గదుల నుంచి పదిహేడుమంది వచ్చారు. వారిలో ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడికి కాస్త తెలుగు వచ్చు. "సార్, ఆధార్ ఠేకేదార్ దగ్గర వుంది. ఠేకేదార్ ఫోన్ ఎత్తడంలేదు" అన్నాడు. నేను పదిహేడు పేర్లు వ్రాసుకొన్నాను. ఆధార్ గడి ఖాళీ. కాంట్రాక్టరు గడిలో వారు చెప్పినది "సేటు" అనే ఒక్క మాట. నియమం నేనే పెట్టినవాడిని, నేనే ఎలా తప్పుతాను? "రేపు మావాళ్ళతో మాట్లాడి చెబుతాను" అని పంపించాను.

ఆ రేపు ఫోనుల్లో గడిచింది. మూడవనాటి ఉదయం వెళ్ళేసరికి గదులు ఖాళీగా వున్నాయి. అవ్వ వాకిలి ఊడుస్తూ వుంది.

"రాత్రికి రాత్రే నడుసుకుంట పోయిండ్రు సారూ. తాళంచెవులు గడపమీద పెట్టిండ్రు. కిరాయి బాకీ ఉన్నదని సిగ్గుపడ్డరేమో. నేను అడగనే లేదు."

నేను ఆధార్ సంగతి చెప్పబోయాను. ఆమె చీపురు ఆపి నావైపు చూచింది.

"నీ తాన బియ్యం ఉండె గద. కార్డు ఏం జేసుకుంటవ్ సారూ, వండుకుంటవా?"

ఆ ఉదయానికి నా గదిలో ఇంకా నలభై సంచులు మిగిలి వున్నాయి.

ఆ పదిహేడుమంది ఇల్లు చేరారో లేదో నాకీనాటికీ తెలియదు. ఈ సంగతిని కొన్నాళ్ళు నా వ్యక్తిగత పొరపాటుగా భావించి బాధపడ్డాను. బాధపడటం ఒకరకమైన సుఖం. దానితో ఆలోచన ఆగిపోతుంది. తరువాత చరిత్ర తిరగవేస్తే, నేను పెట్టిన నియమం నా సొంత బుద్ధి కాదని తెలిసింది. 1876-78 కరువులో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మాడిపోతున్నప్పుడు ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877 మొదట్లో కరువుపనుల కూలీని తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అనగా అరకిలోకి తక్కువ, దానిమీద ఒక అణా. రాళ్ళు కొట్టే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించవలసి వచ్చింది. పైగా పరీక్షలు: శ్రమ చేయగలిగితేనే సహాయం, ఇంటికి దూరంగా వున్న పనిచోటికి నడిచి రాగలిగితేనే సహాయం. నిజంగా ఆకలిగొన్నవాడే అంతదూరం వస్తాడని వారి తర్కం. నిజంగా ఆకలిగొన్నవాడు అంతదూరం నడవలేడన్నది వారికి తట్టలేదు. నేను దూరం బదులు కార్డు పెట్టాను. అంతే తేడా. ఆకలిగొన్నవాడు మోసగాడేమో అన్న అనుమానం మాత్రం ఒక్కటే.

కాని ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. నా నోటుబుక్కులో ఖాళీగా వున్నవి రెండు గడులు. ఆధార్ గడి నింపలేదని నేను వాళ్ళను వెనక్కు పంపాను. కాంట్రాక్టరు గడి ఖాళీగా వున్నందుకు ఎవరిని నిలదీశాను? ఎవరినీ లేదు. అసలు ఆ గడి నింపవలసిన బాధ్యత కూలీది కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టం ప్రకారం, అయిదుగురు లేక అంతకుమించి పొరుగురాష్ట్రాల కూలీలను పెట్టుకొన్న చోట కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి. ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలి. అందులో పనిచోటు, వేతనం రేటు, తిరుగుప్రయాణపు ఛార్జీ వ్రాయాలి. పదిహేడుమందీ ఆ చట్టం కిందికి రావలసినవారే. ఆ పాసుబుక్కు ఒక్కొక్కరి జేబులో వుండివుంటే, వాళ్ళు నా వద్దకు బియ్యానికి వచ్చేవారు కారు. రావలసిన కూలీకి, దారిఖర్చుకు హక్కుదారులుగా మరొక గుమ్మం ముందు నిలబడేవారు. వాళ్ళ అక్కర లాక్‌డౌన్ నాడు పుట్టలేదు. వాళ్ళ పేరు వ్రాసుకోకుండా పనిలో పెట్టుకొన్ననాడే పుట్టింది.

ఇప్పుడా చట్టమూ లేదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మికస్మృతుల్లో అది కలిసిపోయింది. అయిదుగురు అన్న చోట పదిమంది అయింది. అయిదు నుంచి తొమ్మిది వరకు వున్న ముఠా లెక్కలోంచి జారిపోయిందన్నమాట.

ఆ రోజుల్లోనే జరిగిన మరొక సంగతి చెప్పాలి. ఏప్రిల్ 29న, మా జిల్లాలోనే కంది వద్ద ఐ.ఐ.టి. భవనాలు కడుతున్న కార్మికులు వందల సంఖ్యలో బయటికి వచ్చారు. కూలీ ఇవ్వండి, ఇళ్ళకు పంపండి అన్నారు. ఘర్షణ జరిగింది. మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుంచి జార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది కార్మికులతో రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలసకార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేకరైలు అదే. మేడే నాడు! కంది కార్మికులను ఎవరూ దయతలచి లెక్కపెట్టలేదు. గుంపుగా నిలబడి లెక్కపెట్టించుకొన్నారు. మా పదిహేడుమందికి ఆ బలం లేదు. వారికి తోడుగా నిలబడవలసిన మేము, చేతిలో నోటుబుక్కు పట్టుకొని వారిని పరీక్షించాం.

లెక్క లేకపోవడం ఎవరికి లాభమో అదే ఏడు సెప్టెంబరులో తేలింది. లాక్‌డౌన్‌లో ఇళ్ళకు పోతూ చనిపోయిన వలసకార్మికులెందరని పార్లమెంటులో అడిగితే, అటువంటి వివరాలు లేవనీ, కనుక పరిహారం ప్రశ్న రాదనీ కేంద్ర కార్మికశాఖ జవాబిచ్చింది. పేరు లేకపోతే మనిషి లేడు. మనిషి లేకపోతే మరణమూ లేదు.

అయిదేళ్ళ తరువాత, 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలిపోయింది. యాభైమందికి పైగా బలి అయ్యారు. వారిలో పొరుగురాష్ట్రాలవారు అనేకులు. లోపల ఎంతమంది వున్నారో తొలిరోజుల్లో లెక్క తేలలేదు. ఎనిమిదిమంది ఆనవాలు దొరకనేలేదు. కుటుంబాలవాళ్ళు ఫోటోలు పట్టుకొని మా వాడి పేరు వుందా అని తిరిగారు. కోటి రూపాయల పరిహారం ప్రకటించారు. నేను కాదనను. కాని ఆ ఫోటోలు చూచినప్పుడు నాకు నా నోటుబుక్కే గుర్తుకు వచ్చింది. మళ్ళీ జాబితా. మళ్ళీ అది ప్రమాదం జరిగిన తరువాతనే.

"అయితే సహాయం వద్దంటారా?" అని విద్యార్థిమిత్రులు అడగవచ్చు. అనను. నా పాత సిద్ధాంతానికి అవ్వ మాటే సమాధానం: కార్డును వండుకొని తినలేం, సిద్ధాంతాన్ని అంతకంటే వండుకొని తినలేం. ఆకలిగొన్నవాడు వ్యవస్థ మారేదాకా ఆగలేడు. ఒక సంచి రెండుసార్లు పోతే పోనీ; ఒక మనిషి వట్టిచేతులతో పోరాదు. అయితే సంచి ఇవ్వడంతో మన పని పూర్తయిందనుకొంటే, ట్యాంకరు నడిపేవాడి స్థానంలో నిలబడి దండాలు పుచ్చుకొన్నట్టే.

ఇప్పుడు మా దగ్గర పద్ధతి మార్చాం. ముందు సంచి, తరువాత పేరు. ఆధార్ గడి కొట్టివేశాం. దాని స్థానంలో మూడు గడులు: ఎవరు తెచ్చారు, ఏ కట్టడం మీద పని, ఎంత కూలీ బాకీ. వ్రాసినదానికి నకలు తీసి కూలీ చేతికే ఇస్తాం. వాడి భాషలో చదివి వినిపిస్తాం. సెలవురోజుల్లో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు గదిగదికీ పోతారు. ఎవరికైనా దెబ్బ తగిలితే, కూలీ ఎగ్గొడితే ఆ కాగితం తీసుకొని కార్మికశాఖ కార్యాలయానికి వాడితో కలిసి వెళతాం. ఇది పెద్దపని కాదు. విప్లవమని అసలే అనను. కూలీలే తమ సంఘంగా ఏర్పడి తమ పేర్లు తామే వ్రాసుకొనేదాకా ఇది తాత్కాలికం. కాని చదువు వచ్చినవాళ్ళం మనం, వ్రాత మన చేతిలో వున్న పనిముట్టు. దాన్ని అనుమానానికి వాడవచ్చు, సాక్ష్యానికీ వాడవచ్చు.

పాత నోటుబుక్కు పారవేయలేదు. పదిహేడు పేర్లు, వాటి పక్కన ఖాళీ గడులు అలాగే వున్నాయి. కొత్తగా వచ్చిన విద్యార్థులకు ముందు ఆ పుట చూపిస్తాను. ఎవరి తప్పు అని వాళ్ళు అడుగుతారు. రెండు గడులూ చూపించి, ఒకటి నాదనీ, రెండవది ఎవరిదో కనిపెట్టి నింపడం మీ పని అనీ చెబుతాను.