బావి అడుగు మట్టి

బోధన్ పక్కన మా ఊళ్లో ఈత వస్తే సరిపోయేది కాదు. బావి అడుగు దాకా మునిగి, గుప్పెడు మట్టి తెచ్చి గట్టు మీద చూపించాలి. అప్పుడే వాడు మొనగాడు! చెరకు తోటల మధ్య మోటబావిలో ఎండాకాలం సెలవుల్లో మాకదే పరీక్ష.

1979 వేసవి. నాకు పన్నెండేళ్లు. నాలుగు రోజులుగా జలుబు. అయినా చిన్నాయన కొడుకు "ఏంరా, భయమైతుందా?" అనగానే దూకేశాను. రెండు నిలువుల లోతుకు వెళ్లేసరికి చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. ఓర్చుకుని ఇంకా కిందికి వెళ్లాను. ఎడమ చెవిలో 'టప్'మంది. చల్లటి నీళ్లు లోపలికి పోయాయేమో, బావి గిర్రున తిరిగింది. పైకేదో, కిందికేదో తెలియలేదు. అన్న దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. గుప్పిట్లో మట్టి మాత్రం లేదు.

ఇంట్లో చెవిపోటని మాత్రమే చెప్పాను. పాపం, అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. చీము కారుతుంటే నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించారు. కర్ణభేరికి చిల్లు పడిందన్నారాయన. అలాంటి చెవిలో నూనె పోయనేకూడదట! చిల్లు పూడింది కానీ వినికిడి పూర్తిగా తిరిగి రాలేదు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడేదాకా, దాని సైరన్ నాకెప్పుడూ కుడివైపు నుంచే వినిపించేది.

జరిగిందేమిటో చాలా ఏళ్లకు అర్థమైంది. నీళ్లలో మూడు మీటర్లు దిగితేనే పైనకంటే ఒత్తిడి 30 శాతం పెరుగుతుంది. పది మీటర్లకు రెట్టింపవుతుంది. అది కర్ణభేరిని లోపలికి నెడుతుంది. ఎదురు నెట్టడానికి లోపల గాలి కావాలి. గొంతు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నటి యూస్టేషియన్ నాళమే ఆ గాలికి దారి. మామూలుగా మూసుకుని ఉండే ఆ నాళం మింగినప్పుడు, ఆవలించినప్పుడు తెరుచుకుంటుంది. జలుబు చేస్తే వాచిపోయి మొరాయిస్తుంది. నోరు, ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే గాలి చెవిలోకి చేరుతుంది. గట్టిగా ఊదితే మళ్లీ చెవికే ప్రమాదం. ఇది 1704లో ఇటలీ వైద్యుడు వల్సాల్వా చెవిలోని చీము వెళ్లగొట్టడానికి చెప్పిన ఉపాయం. ఇవాళ సముద్రంలో మునిగేవాళ్లకూ, విమానం దిగుతుంటే చెవులు దిబ్బడేసేవాళ్లకూ అదే పనికొస్తోంది.

మొన్న తొమ్మిదేళ్ల మనవణ్ని ఈతకొలనుకు తీసుకెళ్లాను. అడుగున వేసిన బిళ్ల తెస్తానని ఒకటే హుషారు.

"నొప్పి లేసినంక కాదు బిడ్డా, లేవకముందే ఊదాలె. దిగుతున్నకొద్ది మెల్లగ ఊదాలె. చెవి తెరుసుకోకుంటే పైకొచ్చెయ్. జలుబుంటే దిగనే వద్దు" అన్నాను.

వాడు మునిగాడు. సగంలోనే వెనక్కి వచ్చేశాడు. గట్టు మీద పిల్లలు నవ్వారు. వాడు పట్టించుకోలేదు.

"చెవి నొస్తుంది తాతా, రేపు తెస్తా" అన్నాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు నోట రాని మాట అది. నా ఎడమవైపు నిలబడి చెప్పాడు. అటు తిరిగి, మళ్లీ చెప్పించుకున్నాను.