పడటం నేర్పే బడి

ఐకిడో అన్న పేరు ఒక సమాసం. జపాను భాషలో 'ఐ' అంటే కలయిక, 'కి' అంటే ప్రాణశక్తి, 'డో' అంటే మార్గం. మీదికి వచ్చే బలానికి ఎదురు నిలువక, ఒక అడుగు పక్కకు జరిగి, ఆ బలాన్నే తిప్పి నేలకు దించటం ఈ విద్య పద్ధతి. దీనిని రూపొందించినవారు ఉయెషిబా మొరిహెయ్ (1883–1969). 1942లో ఈ పేరు స్థిరపడింది.

అమెరికాలో మా అబ్బాయి ఇంట ఉండగా పదహారేళ్ళ మనవరాలు ఈ విద్య నేర్చుకొంటానన్నది. దగ్గరలో రెండు బడులున్నాయి. "తాతయ్యా, నువ్వు అన్నేళ్ళు పాఠాలు చెప్పావుగా, ఎవరు బాగా నేర్పుతారో నువ్వే చెప్పు" అని నన్ను వెంటబెట్టుకొని వెళ్ళింది. కోడలికి గుబులు. "మెడకో నడుముకో దెబ్బ తగిలితే ఎట్లా మామయ్యగారూ?" అన్నది. కొట్టివేయదగిన ప్రశ్న కాదది.

ఈ విద్యకు శాఖలు అనేకం. ఉయెషిబా వంశీయుల ఆధ్వర్యంలో నడిచేది ఐకికాయ్. షియోదా గోజో 1955లో యోషిన్‌కాన్ నెలకొల్పారు. తొహెయ్ కోయిచి 1974లో ఐకికాయ్‌ను వీడి, 'కి' సాధనకు పెద్దపీట వేశారు. తొమికి కెంజి శాఖలో పోటీలున్నాయి, ఐకికాయ్‌లో లేవు. అయితే కొత్తగా చేరేవారు శాఖ కన్న ముందు గురువును చూడాలని నా అభిప్రాయం.

మొదటి బడి గోడల నిండా యోగ్యతాపత్రాలు. గురువుగారు చేయి తిరిగిన శిష్యుణ్ణి గాలిలో తిప్పి పడవేస్తుంటే కన్నులపండువుగా ఉన్నది. కానీ అంతలో, అప్పుడే చేరిన ఒక పిల్లవాడిపై షిహోనాగె పట్టు పట్టించారు. చేతిని మడచి భుజం వెనుకకు తెచ్చి వెల్లకిలా పడవేసే పట్టది. పడేవాడు గడ్డం రొమ్ముకు ఆనించి, వీపు గుండ్రంగా వంచటం ఎరుగకపోతే తల వెనుకభాగం నేలకు కొట్టుకొంటుంది. ఆ పిల్లవాడికి అది ఎవరూ నేర్పలేదు. అదృష్టవశాత్తు దెబ్బ తగలలేదు. పైగా, చేరాలంటే ఏడాది ఒప్పందం మీద సంతకం చేయాలట.

రెండవది అద్దె హాలు. చాపలు శిష్యులే పరచుకొన్నారు. మొదటి ఇరవై నిమిషాలూ పడటమే పాఠం. దీనిని ఉకెమి అంటారు. ముందు కూర్చొని, తరువాత మోకాళ్ళ మీద, ఆ పిదప నిలబడి పడాలి. ముందుకు దొర్లేటప్పుడు బరువు చేతి నుండి భుజానికి, భుజం నుండి ఏటవాలుగా రెండవ తుంటికి సాగాలి. పట్టు నొప్పి పెడితే అరచేతితో చాపను తట్టాలి. ఎదుటివారు తక్షణమే వదలాలి. మోకాలినొప్పి ఉన్న ఒక పెద్దాయనకు గురువుగారు వేరే తీరు చూపారు. నల్లపట్టీ కట్టినవారు కొత్తవారికి జతగా నిలిచి, వారి వేగానికి తమ వేగం తగ్గించుకొన్నారు.

తరగతి ఎట్లా నడుస్తున్నదో చివరి బల్ల చెబుతుంది. మొదటి బల్ల పిల్లలు ఎవరు చెప్పినా నేర్చుకొంటారు. ఆ హాలులో చివరి బల్లవారికి భయం లేదు. మీ గురువెవరని, నెలవారీగా రుసుము కట్టవచ్చునా అని అడిగాను. విసుక్కోక చెప్పారు.

మనవరాలు అక్కడే చేరింది. మూడు నెలలైనా పడటమే సాధన చేస్తున్నది. కోడలి గుబులు పూర్తిగా పోలేదు, తల్లికి పోవలసిన పనీ లేదు. వారం వారం ఆ హాలులో ఒక మూల కుర్చీ వేసుకొని చూస్తుంటుంది. ఆ కుర్చీకి అభ్యంతరం చెప్పని గురువు దొరకటమే మాకు కావలసింది.