ఇరవై ఒకటో పుట్టినరోజు

2025 జులైలో సూపర్‌మాన్ సినిమాకి డాలస్ శివార్లలోని ఒక థియేటర్‌కి మూడు కుటుంబాలం కలిసి వెళ్ళాం. సినిమా అయిపోవచ్చింది, జనం లేవబోతున్నారు, అప్పుడు తెరమీదకి ఒకమ్మాయి తూలుతూ వచ్చింది. తన కుక్కని తీసుకుపోవడానికి వచ్చిందట. ఎర్ర సూర్యుడుండే గ్రహాలకి వెళ్ళి తాగుతుందని సూపర్‌మానే చెబుతాడు. మన సూర్యుడి వెలుగులో వాళ్ళకి మందు ఎక్కదు మరి. వెనక వరసలోంచి మా స్నేహితుడి భార్య, "ఇదేంటండీ, సూపర్‌గర్ల్ తాగొచ్చింది!" అంది. అందరూ నవ్వారు. మా పెద్దది మాత్రం నా వైపు వంగి, "ఈమే నాన్నా, నా మనిషి" అంది.

ఆ "నా మనిషి"తో నాకు నాలుగేళ్ళ తగవు ఉంది.

2021 జూన్‌లో 'సూపర్‌గర్ల్: వుమన్ ఆఫ్ టుమారో' అనే కామిక్ మొదలైంది. ఎనిమిది సంచికలు, 2022 ఫిబ్రవరిలో అయిపోయింది. రాసింది టామ్ కింగ్, బొమ్మలు బ్రెజిల్ చిత్రకారిణి బిల్కిస్ ఎవ్లీ, రంగులు మాథియస్ లోపెస్. అప్పట్లో ఆ కామిక్ వేసే డీసీ వాళ్ళ పుస్తకాలు మంగళవారం వచ్చేవి. పదిహేడేళ్ళ పిల్లని కామిక్ షాపుకి తీసుకెళ్ళడం, అరగంట ఆమె మాట్లాడుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి ఆఫీసు మెసేజీలు చూసుకోవడం, ఇదీ మా మంగళవారం. చెవిన పడిందంతా అక్కడ జరిగే గొడవే.

కథ కారా ఇరవై ఒకటో పుట్టినరోజున మొదలవుతుంది. సూపర్‌గర్ల్ అసలు పేరు కారా. ఎర్ర సూర్యుడి కింద, శక్తులు లేని చోట, ఏదో గ్రహం మీద సారాకొట్టులాంటి దాంట్లో తాగుతూ కూర్చుంటుంది. అక్కడికి రూథీ అనే రైతుబిడ్డ కత్తి పట్టుకుని వస్తుంది. తండ్రిని చంపిన క్రెమ్‌ని చంపిపెట్టే మనిషి కావాలి ఆమెకి. ఆ క్రెమే కారా కుక్క క్రిప్టోని విషబాణంతో కొట్టి, కారా ఓడ ఎక్కి పారిపోతాడు. ఇక వీళ్ళిద్దరూ వాడి వెంట పడతారు. ఓడ పోయింది కాబట్టి లోకాల మధ్య నడిచే బస్సెక్కి. ఆ బస్సు బొమ్మలు చూస్తే నాకు సంక్రాంతి ముందురోజు మా తెనాలి బస్టాండు గుర్తొచ్చింది. సూపర్‌గర్ల్‌కీ సీటు కోసం అవస్థే.

షాపులో ఒక పక్షం: ఇంతకంటే మంచి సూపర్‌గర్ల్ కథ రాలేదు. రెండో పక్షం: ఈమె మా కారా కాదు. మా కారా నవ్వుతుంది, చూడగానే ధైర్యమొస్తుంది, ఈమె తాగుతుంది, నోటికొచ్చినట్టు తిడుతుంది, కళ్ళలో ఎప్పుడూ కోపమే. ఎదిగిన పిల్ల కథ అంటే చీకటి కథే కానక్కర్లేదు కదా అని ఒక పెద్దమనిషి ప్రతి వారం వాదించేవాడు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. నాకు ఆయన మాటే నచ్చింది. 2015 నుంచి మెలిసా బెనోయిస్ట్ చేసిన టీవీ సీరియల్‌ని నేనూ మా అమ్మాయీ సోఫాలో కూర్చుని చూశాం. అందులో సూపర్‌గర్ల్ చలాకీగా ఉండేది, తప్పు చేస్తే నాలిక కరుచుకునేది. మా ఇంట్లోకి రానివ్వదగ్గ పిల్ల.

ఆ పెద్దమనిషి కోపానికి వెనక ఇంకో కథ ఉందని తర్వాత తెలిసింది. కారా మొదటిసారి వచ్చింది 1959 మే నెల 'యాక్షన్ కామిక్స్' 252వ సంచికలో. పేలిపోయిన వాళ్ళ గ్రహం క్రిప్టాన్‌లోంచి ఆర్గో అనే ఒక్క నగరం మిగులుతుంది. దాని కింది నేలంతా విషం, పైన సీసపు రేకులు పరుచుకుని బతుకుతారు. ఉల్కలు పడి ఆ రేకులు చిల్లులు పడితే, తండ్రి కూతురొక్కదాన్నీ రాకెట్లో పంపేస్తాడు. రాకెట్ దిగిన పిల్లకి సూపర్‌మాన్ ఏం చేశాడనుకున్నారు? గోధుమరంగు జడల విగ్గు పెట్టి, లిండా లీ అని పేరు పెట్టి, మిడ్‌వేల్ అనే ఊళ్ళో అనాథాశ్రమంలో చేర్పించాడు. సొంత బాబాయి కూతురు! 1962 దాకా ఆమె ఉన్నట్టే లోకానికి చెప్పలేదు. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది. 1985లో ఒక పెద్ద కథలో ఆమెని చంపేశారు, శవాన్ని రెండు చేతులమీదా మోస్తూ సూపర్‌మాన్ ఏడుస్తున్న అట్ట వేశారు. మళ్ళీ అసలు కారాని తెచ్చింది 2004లో. ఆమెని ఒకసారి పోగొట్టుకున్న అభిమాని, ఇకనైనా సుఖంగా ఉండనివ్వండయ్యా అంటే అందులో తప్పేముంది?

ఆ మాటే మా అమ్మాయితో అన్నాను. "సుఖంగా ఉన్నట్టు కనపడాలి, అంతేగా నాన్నా మీకు" అంది. మూడో సంచిక నా ముందు పెట్టింది. అందులో మేపోల్ అని ఒక ఊరు. తీర్చిదిద్దిన పచ్చిక, పలకరింపులు, అందరి మొహాల్లో చిరునవ్వు, అచ్చం పాత అమెరికా కాలెండర్ బొమ్మ. జనం నీలంరంగు మనుషులు. ఆ ఊళ్ళోనే ఉండే ఊదారంగు మనుషులు ఏమయ్యారని అడిగితే మాత్రం ఎవరూ మాట్లాడరు. దోపిడీ ముఠా వచ్చినప్పుడు తమని వదిలేస్తే చాలని, పొరుగువాళ్ళని వాళ్ళకి అప్పగించేశారు. ఆ ఊరిని కోపంగా చూసేది కారా ఒక్కతే. నవ్వే సూపర్‌గర్ల్ అక్కడ ఏం చేసేదో నాకు తోచలేదు. తోచలేదని ఒప్పుకోలేదు కూడా.

అసలు సంగతి ఆరో సంచికలో ఉంది. అందులో ఆర్గో నగరం కథ మళ్ళీ చెబుతారు. రాకెట్‌కి ముందు జరిగినదంతా. ఒకేసారి పేలిపోవడం కాదు, ఇవాళ వీళ్ళు, రేపు వాళ్ళు. సూపర్‌మాన్ పసిగుడ్డుగా కాన్సాస్ పొలంలో దిగాడు. అతనికి క్రిప్టాన్ అంటే ఎవరో చెప్పిన కథ. కారాకి వీధులు తెలుసు, పేర్లు తెలుసు, ఎవరెలా పోయారో తెలుసు.

ఆ సంచిక వచ్చింది 2021 చివర్లో. ఆ ఏడు వేసవిలో, కోవిడ్ రెండో అలప్పుడు, తెనాలి నుంచి ఫోన్లు ఎలా వచ్చాయో ఇక్కడున్న తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్కింటి మాస్టారు, మా మేనత్త, చివరికి మా అమ్మ. టికెట్లు లేవు, వెళ్తే వీసా స్టాంపింగ్ అవుతుందో లేదో తెలియదు. వెళ్ళలేదు. మా చిన్నోడు ఇక్కడే పుట్టాడు. వాడికి నానమ్మ అంటే ఆదివారం ఫోన్లో కనిపించే మొహం. పెద్దది 2013లో తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. దానికి నానమ్మ ఇంటి మెట్లెన్నో తెలుసు, మామిడికాయ ముక్కలు ఏ మంచం మీద ఆరబెట్టేవాళ్ళో తెలుసు. ఒకే ఇంట్లో నాకు ఒక సూపర్‌మానూ ఒక కారా ఉన్నారని అప్పటిదాకా గమనించుకోలేదు. వాడు హాయిగా నవ్వుతాడు. దీన్ని మాత్రం మా ఆవిడా నేనూ, "ఎప్పుడు చూసినా ఆ మొహమేంటే, కాస్త నవ్వు" అని పన్నెండేళ్ళుగా అంటూనే ఉన్నాం.

ఇక ఇరవై ఒకటి. హెచ్-1 వీసా మీదున్న వాళ్ళ పిల్లలకి హెచ్-4 వస్తుంది, ఇరవై ఒకటి నిండేదాకానే. తర్వాత చట్టం దృష్టిలో వాళ్ళు పిల్లలు కారు. ఏజ్ అవుట్ అంటారు. ఈలోగా గ్రీన్‌కార్డు వస్తే గండం గడిచినట్టే, కానీ దేశానికి ఏడు శాతం అనే లెక్కలో మన లైను కదలదు. ఆ లైనులో నా చోటు చెప్పే ప్రయారిటీ డేటు 2015. మా పెద్దది ఏజ్ అవుట్ అయిన 2025 ఆగస్టు వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 లైను ఇంకా 2013 జనవరి ఒకటి దగ్గరే కూర్చుని ఉంది. హెచ్-4 పిల్లలు ఉద్యోగం చేయకూడదు. కామిక్ షాపాయన వారానికి పది గంటల పని ఇస్తానని ఎంత మురిపెంగా అడిగాడో! చదువుకోవాలండీ అని అబద్ధం చెప్పి వచ్చింది. ముందే స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మార్పించాం కాబట్టి దేశం విడిచి పోవాల్సిన పని పడలేదు. పన్నెండేళ్ళు ఇక్కడి బళ్ళలో చదివిన పిల్ల అప్పటినుంచి కాగితాల మీద ఇంటర్నేషనల్ స్టూడెంట్.

పుట్టినరోజు రాత్రి మెక్సికన్ హోటల్‌కి వెళ్ళాం. మార్గరిటా కావాలంది, నా ఎదురుగానే. మా ఆవిడ నా మొహం చూసింది, నేను మెనూ చూశాను. వెయిటర్ ఐడీ అడిగాడు. డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా హెచ్-4తోనే ముందురోజు అయిపోయింది. బ్యాగులోంచి మన పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి, ఎవరినో పిలుచుకొచ్చి, ఇద్దరూ పుట్టినతేదీ వెతుక్కుని, "హ్యాపీ బర్త్‌డే" అన్నారు. గ్లాసు వచ్చింది. "ఎర్ర సూర్యుడు నాన్నా" అంది, గోడకున్న ఎర్ర నియాన్ లైటు చూపిస్తూ. సగం తాగి వదిలేసింది.

ఇన్ని చెప్పినా ఈ కథ మీద నాకు ఒక ఫిర్యాదు మిగిలింది. షాపులో పెద్దమనిషి వాదనల్లో ఇదొక్కటీ ఇప్పటికీ నాకు సరైనదనే అనిపిస్తుంది. ఈ ఎనిమిది సంచికలూ చెప్పేది కారా కాదు, రూథీ. పెద్దదయ్యాక, గ్రాంథికంలాంటి బరువైన భాషలో, ఎప్పుడో తను చూసిన సూపర్‌గర్ల్ గురించి రాస్తుంది. రూథీ ఏది దాచిందో ఏది కల్పించిందో మనం ఊహించుకోవాల్సిందే. కారా ఎదిగిన కథలో కారా మాట ఏది? ఆమె ఏడుపైనా, కోపమైనా ఇంకొకరి కలంలోంచి రావాలా?

ఈ కాలమ్ చిత్తుప్రతి మా అమ్మాయికి ఇచ్చినప్పుడు ఇదే మాట అంది, నవ్వుతూ. "రూథీ నువ్వే కదా." తెలుగు ఒత్తులు కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని చదివింది. నానమ్మ దగ్గర రెండు వాక్యాలు కొట్టేసింది, అవి ఇప్పుడు పైన లేవు. హోటల్ దగ్గర మాత్రం ఆగి, బిల్లు కట్టడానికి నువ్వు లేచి వెళ్ళావు గుర్తుందా అని అడిగింది. సగం తాగి వదిలేయలేదట. మొత్తం తాగిందట.