మూలం నిలవాలి, మేలు సాగాలి

ఏన్కూరులోని మా పూర్వీకుల పెంకుటిల్లును ఏం చేయాలన్న చర్చ మా కుటుంబంలో కొంతకాలంగా సాగుతోంది. పడగొట్టి స్లాబు వేద్దామని కొందరంటారు. తాళం వేసి పెద్దల జ్ఞాపకంగా ఉంచుదామని మరికొందరంటారు. మనుషులు మసలని ఇంటిని చెదలు, వానలు ఎంతోకాలం బతకనివ్వవు. కనుక మేము మూడో మార్గం ఆలోచిస్తున్నాం: ఇంటి రూపం చెడకుండా దానికి కొత్త పని అప్పగించడం.

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనం ఇందుకు మంచి నిదర్శనం. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ హయాంలో, 19వ శతాబ్ది తొలి ఏళ్లలో దాని నిర్మాణం మొదలైంది. ఒకనాడు కంపెనీ పెత్తనానికి పీఠమైన ఆ ప్రాంగణానికి 1949లో మహిళా కళాశాల తరలివచ్చింది. తరాల ఆడపిల్లలు అక్కడ చదువుకున్నారు. అయినా వాడుక ఒక్కటే చాలలేదు. ఆలనాపాలనా కొరవడి భవనం శిథిలమైంది, ఆనక పునరుద్ధరణ చేపట్టవలసి వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలు నడిచిన ఎర్రమంజిల్‌నూ కొత్త శాసనసభ కోసం కూల్చాలనుకున్నారు; 2019లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఖైబర్‌లో తమకు దక్కిన భూమి గురించి హజ్రత్ ఉమర్ (రజి) సలహా కోరినప్పుడు, మూలాన్ని అలాగే నిలిపి దాని ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. వక్ఫ్‌కు ఆధారమైన ఈ సూత్రమే పాత కట్టడాలకూ దారి చూపుతుందని మా నమ్మకం.

మా ఇంటి చావడి ఊరి ఆడపిల్లలకు చదువుగది కాగలదు. అయితే ఇల్లు మన అవసరానికి ఎంత వంగాలో, మన అవసరమూ ఇంటికి అంత వంగాలి. సున్నపు గోడ చెమ్మను పీల్చి తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి గోడ గుల్లబారుతుంది. కాబట్టి సున్నమే పూయాలి. పుచ్చిన వాసాలను మాత్రమే మార్చాలి. మరుగుదొడ్డిని గోడలు పగలగొట్టి లోపల కాక, పెరట్లో కట్టాలి.

అన్నిటికంటే ముందు తీర్చవలసింది మరొకటుంది. మాలో ఒక తమ్ముడికి ఇప్పుడు డబ్బు అవసరం. ఇల్లు అమ్మితే తన వాటా చేతికొస్తుందని అతని ఆశ, అది న్యాయమైన ఆశ. వారసుని హక్కును తొక్కి చేసే సత్కార్యం సత్కార్యం కాదు. అందుకే మిగిలినవాళ్లం కలిసి ముందుగా అతని వాటా సొమ్ము చెల్లించాలని తీర్మానించుకున్నాం. పెంకులు సర్దించే పని ఆ తరువాతే.