ప్లేటునకు రెండవ ప్రక్క

గత మాఘమాసమున మా చినమామగారు కాలధర్మము నొందిరి. కర్మలన్నియు ముగిసి బంధువులు ఎవరి యూళ్ళకు వారు వెళ్ళిన పిదప ఆయన గది సర్దు పని మా పాలికి వచ్చెను. వారు వయసునందు పదునెనిమిది సంవత్సరములు సరకు ఓడలపై ఉద్యోగము చేసిరి. వివాహమాడలేదు. ఓడ పని మానిన పిమ్మట మా యింటి వీధిగదిలో నుండి, సాయంకాలము అరుగుమీద కూర్చుండుటయే తప్ప బజారునకైనను అంతగా వెళ్ళెడివారు కారు. వారి మంచము క్రింద టేకుపెట్టె యొకటి కలదు. మూత తీసి చూడగా నందులో గ్రామఫోను ప్లేట్లు అరువదికి పైగా కాగితపు తొడుగులతో నిలువుగా పేర్చియున్నవి. ప్రతి తొడుగుమీదను వారి చేతివ్రాతలో, తెలుగున, కొన్న రేవు పేరును సంవత్సరమును కలవు. సింగపూరు, 1966. హాంబర్గు, 1971. లివర్‌పూల్, 1968.

మన యిండ్లలో పెద్దవారెరిగిన ప్లేట్లు వేరు. అవి లక్క చేర్చి చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. చేయిజారినచో కుండపెంకువలె పగులును. ఇవి చిన్నవి. ఏడంగుళముల వెడల్పు, వినైలు అను పదార్థము, నిమిషమునకు 45 చుట్లు. అమెరికాలో ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీవారు 1949లో వీనిని బజారునకు తెచ్చిరి. ప్రక్కకు ఒక్క పాట చొప్పున నుండుటచే సింగిల్సు అని పేరు. కంపెనీవారు అమ్మదలచిన పాట ముందు ప్రక్కను వేయుదురు. దానిని ఎ-సైడు అందురు. రేడియోవారికి పంపునదియు, అంగడిలో జనులడుగునదియు నదియే. వెనుక ప్రక్క బి-సైడు. అది ఖాళీగా నుండరాదు గనుక నిండినది.

పూర్వకాలపు ప్లేట్లకు ఒక ప్రక్కనే పాట యుండెడిది. వెనుక ప్రక్క పీటవలె నున్నగా నుండెడిది. 1904 ప్రాంతమున జర్మనీలోని ఓడియన్ కంపెనీవారు రెండు ప్రక్కలను గాడులు వేసి అమ్మసాగిరి. అప్పటినుండి రెండవ ప్రక్కకేమి వేయుదుమను విచారము బయలుదేరెను. లక్క ప్లేట్ల కాలమున మనవారికీ బాధ కొంత తక్కువ. పాట మూడు నిమిషములు దాటినచో మొదటి భాగము ఇటును, రెండవ భాగము అటును వేసెడివారు. వినువారు ప్లేటు త్రిప్పక తప్పదు. ఈ సింగిల్సు సంగతి అట్లు కాదు. త్రిప్పకున్నను నష్టమేమియు లేదు.

మావారు బడి సెలవు దినములలో పాత యంత్రమునకు కొత్త బెల్టు వేసి తిరుగునట్లు చేసిరి. మా అమ్మాయి ఇంటరు పరీక్షలు ముగించి ఇంటనే యున్నది. అది ఒక ప్లేటును కిటికీ వెలుతురునకు వాల్చి చూచి, "అమ్మా, ఇది చూశావా?" అని పిలిచెను. ముందు ప్రక్క ముల్లు తిరిగి తిరిగి బూడిదవన్నెకు దిగియున్నది. వెనుక ప్రక్క కాకిరెక్కవలె నిగనిగలాడుచున్నది. మరియొకటి తీసితిమి, అదియు నట్లే. ఆ పూట వంట మాట మరచి యిరువురమును పెట్టె యంతయు పరీక్షించితిమి. చినమామగారు కూడ లోకమువలెనే ముందు ప్రక్క మనుష్యులు.

ఆ వెనుక పాటల చరిత్రను మా అమ్మాయి తన సెల్‌ఫోనులో వెదకి చదువుచుండ, మేము బియ్యమేరుచు వింటిమి. విన్నకొలదియు మాకు ఆశ్చర్యము హెచ్చెను. 1978లో గ్లోరియా గేనర్ అను గాయని ప్లేటొకటి వెలువడెను. ముందు ప్రక్కన "సబ్‌స్టిట్యూట్" అను పాట. మన భాషలో చెప్పవలెనన్న "బదులు". ఆ బదులునకు వెనుక "ఐ విల్ సర్వైవ్" అను పాటను వేసిరి. విడిచిపోయిన పురుషుడు తిరిగి వాకిటికి రాగా, నీవు లేకయే బ్రదుకగలనని స్త్రీ చెప్పు పాట అది. ఆమె అంతకు ముందు వేదికమీద పడి, వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకొని, నడుమునకు పట్టీ బిగించుకొనియే దానిని పాడెనట. నృత్యశాలలలో ప్లేట్లు వేయువారు వెనుకకు త్రిప్పి దీనినే వేసిరి. జనులు దీనినే కోరిరి. 1979 మార్చిలో అమెరికాలో అది ప్రథమస్థాన మందెను. మరుసటి సంవత్సరము గ్రామీ బహుమతియు వచ్చెను. ఆ డిస్కో తరగతికి బహుమతి నిచ్చుట ఆ యొక్క యేడే. కాని మా చినమామగారి ప్లేటుమీద ఆ పాటకు ముల్లు సోకిన జాడయే లేదు! లోకమంతయు త్రిప్పి వినినదానిని వారు త్రిప్పనేలేదు.

బడిపంతుళ్ళ యిండ్లవారికి రుచించు కథయు నొకటి కలదు. 1954లో బిల్ హేలీ బృందమువారి "రాక్ అరౌండ్ ది క్లాక్" వెనుక ప్రక్కననే వెలువడినది. అపుడది పెద్దగా చెలామణి కాలేదు. ఆ సమయమున అల్లరి పిల్లల బడిలో చిక్కిన ఉపాధ్యాయుని గూర్చి "బ్లాక్‌బోర్డ్ జంగిల్" అను సినిమా తీయుచుండిరి. అందు పంతులు వేషము వేసిన గ్లెన్ ఫోర్డ్ కొమారుడు చిన్నవాడు. వానియొద్ద ఈ ప్లేటుండగా దర్శకుడు విని సినిమా మొదట పెట్టెనని చెప్పుదురు. 1955లో సినిమా వచ్చెను, పాట ప్రపంచమంతయు ప్రాకెను. పెద్దలు వెనుక వేసినదానిని పిల్లవాడు ముందు వేసికొన్నాడన్న మాట. మావారు ఈ కథను విని, "మా బడిలో పిల్లలు పుస్తకం వెనక అట్ట తప్ప ముందు అట్ట చూడరు" అనిరి. అది వేరు సంగతి.

సొమ్ము వ్యవహారము మరియు చిత్రము. ప్లేటు అమ్ముడుపోయినచో ముందు పాట కట్టినవానికెంతయో వెనుక పాట కట్టినవానికిని అంతయే ముట్టెడిది. పెండ్లివారి వెంట వచ్చిన దూరపు చుట్టమునకును పంక్తిలో సమానముగా విస్తరి పడినట్లు. అందుచే వెనుక ప్రక్కకై లోలోపల పోటీయు నుండెడిది. ఫిల్ స్పెక్టర్ అను నిర్మాత మాత్రము, రేడియోవారు పొరబాటుననైనను ప్లేటు త్రిప్పరాదని, వెనుక ప్రక్కన మాటలు లేని చిల్లర వాద్యము వేయించెడివాడు. అంతటి జాగ్రత్తపరునకే 1965లో బెడిసికొట్టెను. రైచస్ బ్రదర్స్ అను జంట ప్లేటులో వెనుక నున్న "అన్‌చైన్డ్ మెలడీ"ని రేడియోవారు త్రిప్పి వేయసాగిరి. అతడు ముందు వేసిన పాట పేరు నేడు కొద్దిమందికే తెలియును.

ఇట్లు పెట్టె అడుగంటుచుండ లివర్‌పూల్ ప్లేటు చేతికి వచ్చెను. బీటిల్స్ వారిది. నల్లని పార్లోఫోన్ లేబులు. దీని ముందు ప్రక్క అద్దమువలె నున్నది. వెనుక ప్రక్కయే గాడులరిగి తెల్లబారినది. అరువది ప్లేట్లలో నిట్టిది ఇదొక్కటే.

ముందు పాట "లేడీ మడోన్నా". పిల్లలను సాకుచు, చాలని రాబడితో సంసారమీదు తల్లిని గూర్చినది. వెనుక పాట "ది ఇన్నర్ లైట్". దానిపై ముల్లు పెట్టినంతనే మేమిరువురమును ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. సరోద్, వేణువు, షహనాయి, హార్మోనియము, పఖవాజ్! చప్పుడు నడుమ, వాన కవతలనుండి వినవచ్చినట్లు.

ఈ పాట పుట్టువు మా వంటివారికి చెవియొగ్గి వినదగినది. స్పెయిను దేశపు మయోర్కా ద్వీపమున పుట్టిన హువాన్ మస్కరో అను పండితుడు ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బోధించెను. భగవద్గీతను, కొన్ని ఉపనిషత్తులను ఇంగ్లీషులోనికి తెచ్చెను. ఆయన 1967లో బీటిల్స్‌లో నొకడగు జార్జి హ్యారిసన్‌నకు జాబు వ్రాసి, తాను కూర్చిన గ్రంథమును పంపి, అందు చీనావారి "తావో తె చింగ్" భాగమొకదానికి స్వరము కట్టరాదా యని అడిగెను. 1968 జనవరిలో హ్యారిసన్ ఒక సినిమా సంగీతముకొరకు బొంబాయి వచ్చినపుడు అక్కడి స్టూడియోలో మన వాద్యకారులచే దీని వాద్యభాగమును పట్టించెను. గొంతులు లండనులో చేర్చిరి. మార్చిలో ప్లేటు వెలువడెను. హ్యారిసన్ కట్టిన పాట బీటిల్స్ సింగిల్‌మీద కెక్కుట అదియే మొదలు; ఎక్కినది వెనుక ప్రక్కకు. ఆ పిదప 1988లో వెలువడిన "పాస్ట్ మాస్టర్స్" సంకలనములో చేరెను. బొంబాయి వాద్యకారుల పేర్లు ప్లేటుమీద లేవు. వెనుకకును వెనుక నుండువారు కొందరుందురు.

పాట భావము చిన్నదే: ఇల్లు విడువకయే మనుజుడు లోకమంతయు నెరుగవచ్చును, తిరిగినకొలది తెలియునది తగ్గును. రేవు రేవును తిరిగిన మనుష్యుడు ఈ పాటను గాడులరుగునట్లు వినెను. ఓడలో, చిన్నగదిలో, నీళ్ళ నడుమ. తల్లి పోయినపుడు ఆయన ఎక్కడి సముద్రముమీద నుండెనో ఇంటివారికి తెలియదు. జాబు మూడు నెలలకు చేరినది. ఆయనను కాలు నిలువనివాడని ఇంట అందరును అనెడివారు. మేమును కాపురమునకు వచ్చిన క్రొత్తలో అట్లే తలచితిమి.

మా అత్తగారు పెరటినుండి వచ్చి, "ఆ సన్నాయి ప్లేటా? సెలవుకి వచ్చినప్పుడల్లా అదే వేసేవాడు. హిందీ సినిమాలో పెళ్ళిపాట కాబోలు అనుకునేవాళ్ళం" అనిరి. మా అమ్మాయి నవ్వి పాట అర్థము చెప్పెను. చెప్పకుండిన బాగుండెడిది. ఏలయనగా ఆ వారముననే దానికి హైదరాబాదులో చదువుటకు సీటు వచ్చియున్నది. పంపవలెనా వలదా యని ఇంట తర్జనభర్జనలు జరుగుచున్నవి. అత్తగారు వెంటనే, "చూశావుటే? ఆ దొరలు కూడా అదే అన్నారు. మీ అమ్మ గడప దాటకుండానే రఘువంశం చదివింది. నీకు హైదరాబాదు ఎందుకు?" అనిరి.

ఈ మాట మాకు క్రొత్త కాదు. ఇంటికి వచ్చినవారికెల్ల మమ్ము చూపి ఇదే చెప్పుట వారి యలవాటు. అందు ప్రేమయే గాని మరొకటి లేదు. మేము పదవయేట బడి మానినవారము. ఊరి బడి అయిదవ తరగతితో ఆగెను. పై తరగతులకు కాలువ దాటి పోవలెను. మా తండ్రిగారు సంస్కృతపండితులు. "ఆ చదువు నేను చెప్పలేనా?" యని అమరము, శబ్దములు, రఘువంశము, భారతము ఇంటనే చెప్పిరి. వారు చెప్పినది చిన్న చదువు కాదు. దాని బలముననే నేడీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. కాని ఉదయము తొమ్మిది గంటలకు బల్లకట్టు మీద దాటు పిల్లల కేకలు వినబడునపుడు మా కన్ను శ్లోకముమీద నిలువకుండెడిది. ఈ సంగతి మా తండ్రిగారికి చెప్పలేదు. పందొమ్మిదేండ్ల కాపురమున మావారికిని చెప్పలేదు. ఇంటనుండి నేర్చిన కోడలు అను మంచి పాట ముందు ప్రక్కన మ్రోగుచుండ త్రిప్పి చూడవలసిన పని యెవరికి?

ఆ చీనా మహాత్ముని మాట అసత్యమని మేమనము. ఐతే ఆయన తలుపు తెరచి పోదలచినచో పోగలవాడు. మా చినమామగారు లోకమంతయు తిరిగివచ్చి అరుగుమీద కూర్చుండిరి. తిరిగివచ్చి కూర్చుండుటయు, లేవనీయక కూర్చుండబెట్టుటయు ఒకటి కావు.

బియ్యపు చేట ప్రక్కన పెట్టి, "అత్తయ్యగారూ, నాకు ఆ బల్లకట్టు ఎక్కాలని ఉండేది" అంటిమి.

వారికి మొదట బోధపడలేదు. మరల చెప్పితిమి. గొంతు వణకినది కాబోలు, మా అమ్మాయి యంత్రమును ఆపెను.

"ఎప్పుడూ చెప్పలేదేం?" అనిరి.

"ఎవరూ అడగలేదండీ."

అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నన్ను మాత్రం ఎవరడిగారు" అనుచు లేచి పెరటిలోనికి పోయిరి. ఆ రాత్రి భోజనములవేళ మావారితో, "మా మరిది ఓడెక్కుతానన్నప్పుడు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఎక్కనే ఎక్కాడు. దీన్ని రైలెక్కించడానికి ఇంత ఆలోచన ఏమిటిరా?" అనిరి. మావారు మా వైపు చూచిరి. మేము మజ్జిగ పోయుచుంటిమి.

ప్రయాణము వచ్చే గురువారము. పెట్టెలో పచ్చడి సీసా లెన్ని పట్టునను విషయమై ప్రస్తుతము వాదము నడచుచున్నది. అత్తగారు సాయంకాలము దీపము పెట్టిన పిదప సన్నాయి ప్లేటు వేయుమని అడుగుచున్నారు. ఒక్క ప్రక్కయే వేసిన నరుగునని చెప్పి నిన్న ముందు ప్రక్కయు వేసితిమి. అది వారికి నచ్చలేదు. ముల్లు మొద్దువారినది. కాకినాడలో దొరకునేమో చూచెదనని మావారనిరి.