రోగి గదిలో పెత్తనము

రోగులకు పరిచర్య చేయుట స్త్రీలకు పుట్టుకతో వచ్చిన గుణమని పలువురు చెప్పుచుందురు. ఈ ప్రశంస మాకంతగా రుచింపదు. దయ పుట్టుకతో రావచ్చును గాని, ఎనిమిది గంటలకీయవలసిన మందు ఎనిమిది గంటలకే రోగి నోటబడునట్లు చూచుట దయవలన మాత్రమే జరుగదు. అందులకొకరు ఏర్పాటు చేయవలెను. మరియొకరు దానిని తెలిసి నడుపవలెను. మొదటి దానికే లోకమున గౌరవమెక్కువ. రెండవదియు అంతే తెలివిగల పని యని మా యనుభవము.

కొన్నియేండ్ల క్రిందట మా బంధువులలో నొక వృద్ధురాలు పక్షవాతముతో నొక ఆసుపత్రిలో నుండెను. అచటి పెద్ద నర్సు మిక్కిలి సమర్థురాలు. రెండు గంటలకొకసారి ముసలమ్మను ఒత్తిగిలజేయుట, వీపు తుడిచి ఆరబెట్టుట అంతయు తన చేతులతోనే చేసెడిది. చిన్నవారిని దగ్గరకు రానిచ్చెడిది కాదు. రాత్రికి మాత్రము పోవుచు పోవుచు నోటిమాటగా చెప్పిపోయెడిది. "ఆవిడ లేకపోతే ఈ వార్డు నడవదమ్మా" అని అందరును అనుచుండిరి. ఆమె రెండు దినములు సెలవు పెట్టెను. ఒత్తిగిలజేయు సంగతి యెచ్చటను వ్రాసియుండలేదు, ఎవరికిని అప్పగింపబడలేదు. మూడవనాటికి నడుము క్రింద చర్మము కమిలి పుండు పడెను. అది మానుటకు రెండు నెలలు పట్టెను. ఇందు నిందింపవలసినది సెలవును గాదు.

ఇట్టి లోపమును గూర్చియే ఫ్లారెన్సు నైటింగేలు 1859లో వెలువరించిన నోట్సు ఆన్ నర్సింగు అను పుస్తకమున నొక ప్రకరణమంతయు వ్రాసినది. తానెదుట నున్నప్పుడు జరుగు పని తాను లేనప్పుడును జరుగునట్లు చూడనిచో తక్కిన పరిచర్య యంతయు చెడునని ఆమె తాత్పర్యము. సోదరీమణులారా, "నేనొక్క పూట లేకపోతే ఇల్లు అల్లకల్లోలం" అని మురిసిపోవు గృహిణులము మనలో నెందరు లేము!

ఒకరి క్రింద పని చేయుట యెట్లో కూడ ఆమె యెరుగును. 1854 నవంబరులో, క్రిమియా యుద్ధకాలమున, 38 మంది పరిచారికలతో ఆమె ఇస్తాంబులు చెంతనున్న స్కుటారి సైనికాసుపత్రి చేరెను. అచటి వైద్యులకు వారి రాక యిష్టము లేదు. వైద్యులు పిలుచువరకు ఒక్కరును వార్డులలో పని కూడదని ఆమె కట్టడి చేసెను. అంతవరకు పరిచారికలు కట్లగుడ్డలు, చొక్కాలు కుట్టుచు కూర్చుండిరి. కొలది దినములలో గాయపడినవారు వెల్లువగా వచ్చిపడగా వైద్యులే పిలిచిరి. మూలుగులు వినుచు సూది చేతబట్టి కూర్చుండుట న్యాయమా యని మాకిప్పటికిని సందేహమే. కాని ఆనాడు తోసికొని లోపలికి పోయినచో వారందరును తిరుగుటపా కట్టవలసి వచ్చెడిదేమో. అట్లు లోబడిన ఆమెయే ఆసుపత్రిలోని కొరతలన్నియు పూసగ్రుచ్చినట్లు వ్రాసి, లండనులోని మంత్రి సిడ్నీ హెర్బర్టునకు జాబులమీద జాబులు పంపెను. లోబడుట వేరు, నోరు మూసికొనుట వేరు.

ఈ భేదమును మా అత్తగారు పడకనుండగా కన్నులార చూచితిమి. తుంటియెముక విరిగి ఆమె మరియొక ఆసుపత్రిలో పండ్రెండు దినములుండెను. ఆపరేషనుకు ముందునాటి రాత్రి నర్సులు పని మార్చుకొనుచుండిరి. పోవువారును వచ్చువారును మంచముకడ నిలిచి, కాగితము చూచుచు, జ్వరమెంత, మూత్రమెంత, ఏ మందు పడినది, ఏది పడలేదు అని ఒకటొకటిగా అప్పగించుకొనిరి. అంతలో క్రొత్తగా చేరిన పిల్ల, ఇరువది రెండేండ్లుండునేమో, చీటి పట్టుకొని ఆగిపోయెను.

"సిస్టర్, నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే సూది ఈ రాత్రికి కూడా రాసి ఉంది. తెల్లవారితే ఆపరేషన్ కదా, ఇవ్వమంటారా?"

పెద్ద నర్సు కసరలేదు. "రాసింది చెయ్యి, నీకెందుకు" అనలేదు. చీటి తానును చూచి, వెంటనే డాక్టరుగారికి ఫోను చేసెను. ఆ మోతాదు ఆపవలసినదేనట, కొట్టివేయుట మరచిరట. ఆ సూది పడియుండినచో నెత్తురు మితిమీరి పోవు భయముండెడిది, లేదా ఆపరేషను వాయిదా పడెడిది. తరువాత ఆ పెద్ద నర్సు తక్కినవారందరు వినునట్లు "అడిగి మంచి పని చేశావు" అనెను. ఆ పిల్ల ధైర్యమును మెచ్చుకొంటిమి. కాని అడుగుటకు భయపడనక్కరలేని వార్డును ఆమెకు ముందుగా అమర్చిపెట్టినది ఆ పెద్ద నర్సేయని మాకు తోచినది.

ఇంటికి వచ్చిన పిదప మేమును ఒక అట్టముక్కపై మందులు, వేళలు, ఒత్తిగిలజేయు గంటలు వ్రాసి బీరువా తలుపునకు తగిలించితిమి. మా తోడికోడలు గాని, పనిమనిషి గాని, కళాశాలలో చదువు మా అబ్బాయి గాని, ఎవరు చేసినను గీత పెట్టవలెను. మొదటి రెండు దినములు అందరును నవ్విరి. నాలుగవనాటి రాత్రి అత్తగారు మంచముమీదనుండియే మనుమని కేకవేసిరి: "ఒరేయ్, తొమ్మిదింటి మాత్రకెదురుగా గీత లేదేమిరా? వేశారా, లేదా?"